అరికాళ్ల మంటలకు మామూలు నొప్పి మాత్ర ఎందుకు పనిచేయదు

షుగర్ ఉన్నవాళ్లలో చాలామంది ఒకే రకంగా చెబుతారు. పగలు పనిలో ఉంటే ఏమీ తెలియదు. రాత్రి నడుం వాలిస్తే చాలు, అరికాళ్లు భగ్గుమంటాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. లేచి చల్లటి గచ్చు మీద కాసేపు పాదాలు ఆనిస్తే గానీ మళ్లీ కన్ను మూతపడదు. కొన్నాళ్లు ఇలా గడిచాక మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో తెచ్చుకుని పూటకొకటి వేసుకుంటారు. మంట మాత్రం అలాగే ఉంటుంది. షుగర్ వల్ల అప్పటికే నలుగుతున్న కిడ్నీలకు ఈ మాత్రలతో ఇంకో దెబ్బ తగులుతుంది.

ఇక్కడ మాత్రది తప్పేమీ లేదు. నొప్పి రకమే వేరు. కాలు బెణికితే, పన్ను వాస్తే ఆ చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై నరాల కొసలను రెచ్చగొడతాయి. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి ఆ రసాయనాల తయారీని అడ్డుకుంటాయి, అందుకే వాటితో నొప్పి తగ్గుతుంది. అరికాళ్ల మంటల్లో పాదానికి దెబ్బ లేదు, వాపు లేదు. దెబ్బతిన్నది కబురు మోసే నరమే. అడ్డుకోవడానికి అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు లేనప్పుడు ఆ మాత్రలకు పనేముంటుంది? పారాసెటమాల్ సంగతీ ఇంతే.

మన దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్ల పైనే ఉంటారని ఐసీఎంఆర్ సర్వే ఫలితాలు 2023లో అంచనా వేశాయి. నరాల నొప్పికి షుగర్ ఒక్కటే కారణం కాదు గానీ, తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే కారణం అదే. అందుకే ఈ వ్యాసం ప్రధానంగా షుగర్ పాదాల గురించే. మిగతా నరాల నొప్పులకూ సూత్రం దాదాపు ఇదే.

నరంలో జరిగేది

వెన్ను కింది భాగం నుంచి బొటనవేలి దాకా వెళ్లే నరపు పోగు పొడవు దాదాపు ఒక మీటరు. దాని కణం ప్రధాన భాగం వెన్ను దగ్గర ఉంటుంది, బతకడానికి కావలసినవన్నీ అక్కడి నుంచే అంత దూరం చేరాలి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరానికి రక్తం అందించే సన్నటి నాళాలూ, నరం లోపలి రవాణా కూడా చెడతాయి. అప్పుడు అన్నిటికంటే దూరంలో ఉన్న కొసలు ముందుగా ఎండిపోతాయి. తిమ్మిరి కాలి వేళ్ల దగ్గర మొదలై మేజోడు తొడిగినంత మేర పైకి పాకడానికి కారణం ఇదే. అది పిక్కలు దాటి మోకాలి దగ్గరికి వచ్చేసరికి చేతి వేళ్ల కొసల్లోనూ మొదలవుతుంది, ఎందుకంటే ఇప్పుడు పొడవులో వాటి వంతు వచ్చింది.

చనిపోయిన పోగు మౌనంగా ఉంటుంది, అది మొద్దుబారడం. సగం దెబ్బతిని బతికున్న పోగుతోనే గొడవంతా. దాని పైపొర మీద సోడియం చానెళ్లు అస్తవ్యస్తంగా పెరిగి, ఏమీ తగలకపోయినా తనంతట తానే సంకేతాలు పంపుతుంది. అవి రాత్రింబవళ్లు వస్తుంటే వెన్నుపాములో వాటిని అందుకునే కణాలు అతిగా స్పందించడానికి అలవాటుపడతాయి. ఆ దశలో దుప్పటి తగలడం కూడా నొప్పిగానే నమోదవుతుంది. మామూలుగా మెదడు నుంచి వెన్నుపాములోకి నార్‌అడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాల ద్వారా ఒక కట్టడి దిగివస్తూ ఉంటుంది. దీర్ఘకాలం నొప్పి ఉన్నవారిలో, నిద్ర చాలనివారిలో, దిగులుతో ఉన్నవారిలో ఆ కట్టడి సడలుతుంది.

నరాల నొప్పికి వాడే మందులన్నీ ఈ మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట పనిచేస్తాయి. లిడోకెయిన్, కార్బమాజెపిన్ సోడియం చానెళ్ల మీద. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వెన్నుపాములోని కాల్షియం చానెళ్ల మీద. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ మెదడు నుంచి దిగే కట్టడి మీద. ఈ సంగతి తెలియక చీటీలో ఉన్న మందు పేరు ఫోనులో వెతికి, ‘డిప్రెషన్ మాత్ర రాశారు, నాకు మతి చెడిందనుకున్నారా’ అని పక్కన పడేసేవారు చాలామంది. అమిట్రిప్టిలిన్‌ను దిగులుకు 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు, నరాల నొప్పికి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. దిగులు లేనివారిలో కూడా నొప్పి మీద పనిచేస్తుంది. చీటీ రాసేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఎంతోమంది మంచి మందును పోగొట్టుకుంటున్నారు.

ఇది నరాల నొప్పేనా?

ఫ్రాన్స్ వైద్యులు 2005లో ప్రచురించిన డీఎన్4 అనే పది అంశాల ప్రశ్నావళిని ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. మంటగా ఉందా, బాధపెట్టే చల్లదనం ఉందా, కరెంటు షాక్ కొట్టినట్లుందా, చీమలు పాకినట్లుందా, సూదులు గుచ్చినట్లుందా, తిమ్మిరి ఉందా, దురద ఉందా అన్న ఏడు రోగిని అడగాలి. మెత్తటి స్పర్శ తగ్గిందా, సూది మొన తెలియడం తగ్గిందా, దూదితో రాస్తే నొప్పి పుడుతుందా అన్న మూడు పరీక్షించి చూడాలి. పదిలో 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నరాల నొప్పి అనుకోవచ్చు.

పోలికలు చూసి పొరబడే జబ్బులు కొన్ని ఉన్నాయి. కొంతదూరం నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటే అది రక్తనాళాల జబ్బు కావచ్చు. నరాల మంట దానికి తలకిందులు, కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడే ఎక్కువ. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో గుచ్చుకుని, పది అడుగులయ్యాక తగ్గితే అది పాదం కింది పట్టీ వాపు. నొప్పి ఒక్క కాలిలోనే, నడుం నుంచి తొడ వెనకగా దిగుతుంటే చూడాల్సింది వెన్ను. షుగర్ వల్ల వచ్చేది రెండు పాదాల్లో దాదాపు సమానంగా ఉంటుంది. షుగర్ ఉంది కదా అని ఒక్క కాలి నొప్పిని దాని ఖాతాలో వేసేయడం తరచూ జరిగే తప్పు.

ఇంకో చిక్కు. నరాల వేగం కొలిచే పరీక్ష నార్మల్ అని వచ్చిందని ‘నీకేం లేదు’ అని పంపేస్తుంటారు. ఆ పరీక్ష లావు పోగులను మాత్రమే పట్టుకోగలదు. మంట, వేడి, చలి మోసేవి సన్నటి పోగులు, వాటి జబ్బు అందులో కనిపించదు. రిపోర్టు బాగుండి కాళ్లు మండుతున్నాయంటే, రోగి చెప్పేది నిజమే, సన్నటి పోగులు దెబ్బతిన్నాయని అర్థం చేసుకోవాలి.

కారణం వెతక్కుండా మాత్ర మొదలుపెట్టకూడదు

మంటను అణిచే మందులు నరాన్ని బాగుచేయవు. నరం ఎందుకు చెడుతోందో పట్టుకుంటేనే అది ఇంకా చెడకుండా ఆపగలం. మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ), కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు ముందు చేయించాలి. వీటిలో ఎక్కువగా మరిచిపోయేది బీ12. షుగర్‌కు మొదటగా రాసే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. మాంసం, గుడ్లు తినకుండా, పాలు పెరుగు కూడా కొద్దిగానే తీసుకునేవారికి తిండిలో వచ్చేదే తక్కువ. రెండూ కలిస్తే లోపం ఖాయంలాంటిది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే, 200 నుంచి 300 మధ్య ఉండి లక్షణాలుంటే అనుమానించాల్సిందే. తక్కువగా ఉంటే 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు కొన్ని వారాలు ఇచ్చి, తర్వాత విడతలవారీగా కొనసాగిస్తారు. రక్తం తక్కువుందని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తూపోతే రక్తం పెరుగుతుంది గానీ బీ12 లోపం చాటుగా నరాలను తింటూనే ఉంటుంది.

మద్యం మరో పెద్ద కారణం. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ బీ6ను తగ్గించి నరాలను దెబ్బతీస్తుంది. అందుకే దానితోపాటు రోజుకు 10 మిల్లీగ్రాముల పైరిడాక్సిన్ ఇస్తారు, అది చిన్న మాత్రే కదా అని వదిలేయకూడదు. అలాగని బీ6 ఎంత తీసుకున్నా మంచిదే అనుకోవడమూ ప్రమాదమే. రోజుకు 100 మిల్లీగ్రాములకు మించి నెలల తరబడి మింగితే అదే నరాలను చంపుతుంది. బలానికని రెండు మూడు రకాల విటమిన్ మాత్రలు కలిపి వేసుకునేవారు అట్టల వెనక బీ6 ఎంతుందో కూడి చూసుకోవాలి. క్యాన్సర్‌కు ఇచ్చే పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ వంటివీ నరాలను దెబ్బతీస్తాయి. ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించాలి, దాని మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

చక్కెర విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఏళ్లుగా 12, 13 శాతం దగ్గరున్న మూడు నెలల సగటు ఇన్సులిన్‌తో ఒక్కసారిగా 7 కు పడిపోతే కొందరికి కొద్ది వారాల్లోనే విపరీతమైన మంటలు మొదలవుతాయి. మూడు నెలల్లో 2 పాయింట్ల కంటే ఎక్కువ తగ్గినప్పుడు ఈ ముప్పు ఉంటుంది, ఎంత ఎక్కువ తగ్గితే అంత ముప్పు. రోగికి మాత్రం ‘ఇన్సులిన్ పడలేదు’ అనిపిస్తుంది. ఆపేస్తారు. చక్కెర మళ్లీ పైకి ఎక్కుతుంది. ఈ మంటలు చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. ఇన్సులిన్ ఆపకుండా, నొప్పికి విడిగా మందు వాడుతూ దాటాల్సిన దశ ఇది. పాత షుగర్‌ను నింపాదిగా దించడం కంటికీ నరానికీ కూడా మేలు.

మందు ఎలా మొదలుపెట్టాలి, ఎంతవరకు పెంచాలి

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ముందు ఆశల లెక్క సరిచూసుకుందాం. ఈ మందుల్లో ఏదీ మంటను సున్నా చేయదు. నొప్పి 30 శాతం తగ్గితే ఉపయోగం ఉన్నట్లు, సగం తగ్గితే బాగా పనిచేసినట్లు. లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో 2015లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, డమ్మీ మాత్రతో పోలిస్తే అదనంగా ఒక్కరికి నొప్పి సగం తగ్గాలంటే అమిట్రిప్టిలిన్ వర్గం మందు సుమారు నలుగురికి, డులోక్సెటిన్ వర్గం ఆరుగురికి, ప్రీగాబాలిన్ ఏడెనిమిది మందికి ఇవ్వాలి. అంటే మొదటి మందు పనిచేయకపోవడం మామూలు విషయమే, ఇక దారి లేదని కాదు.

అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికి 10 చొప్పున, ఓర్చుకోగలిగినంత వరకు, సాధారణంగా 75 లోపు పెంచుతారు. పడుకునే వేళకు కాకుండా గంటా రెండు గంటల ముందు వేసుకుంటే పొద్దున మత్తు తక్కువగా ఉంటుంది. నోరెండిపోవడం, మలబద్ధకం చాలామందికి వస్తాయి. ప్రోస్టేట్ పెరిగి మూత్రం కష్టంగా వచ్చేవారికి, గుండె లయలో తేడా ఉన్నవారికి, కొన్ని రకాల గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారికి ఇది పనికిరాదు. 65 దాటినవారు రాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదం ఉంది. అలాంటివారికి నార్‌ట్రిప్టిలిన్ కొంత నయం.

డులోక్సెటిన్ 30 మిల్లీగ్రాములు వారం రోజులు, తర్వాత 60. పరగడుపున వేసుకుంటే వికారం పెడుతుంది, అన్నం తిన్నాక వేసుకోవాలి. మొదటి వారం వికారం దాటగలిగితే తర్వాత చాలామందికి సర్దుకుంటుంది. ఆ వారంలోనే మానేసేవారు ఎక్కువ. లివర్ జబ్బు ఉన్నవారికి, ఎక్కువగా తాగేవారికి ఇవ్వకూడదు. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్రతో కలిపితే సెరటోనిన్ హద్దు మీరి ఒళ్లు వణకడం, జ్వరం, అయోమయం రావచ్చు. వేర్వేరు డాక్టర్లు రాసిన చీటీల వల్ల ఈ రెండూ ఒకరి చేతిలో పడడం అరుదేమీ కాదు. కీమో వల్ల వచ్చిన నరాల నొప్పికి పరీక్షల్లో నిలిచిన మందు ఇదొక్కటే.

ప్రీగాబాలిన్ వయసు పైబడినవారికి రాత్రి 25 లేదా 50 మిల్లీగ్రాములతో, మిగతావారికి 75 తో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ రోజు మొత్తం మీద 150 నుంచి 300 కు తెస్తారు. తల తిరగడం, మత్తు, బరువు పెరగడం, పాదాల వాపు దీని ఇబ్బందులు. పాదాల వాపును కిడ్నీ పాడైనట్లుగా భావించి కంగారుపడతారు గానీ మందు తగ్గిస్తే పోతుంది. అసలు కిడ్నీ పనితీరు తగ్గిన వారికైతే డోసు సగానికో ఇంకా కిందికో దించాలి, ఎందుకంటే ఈ మందు మూత్రంలోనే బయటికి పోతుంది. క్రియాటినిన్ చూడకుండా 75 రెండు పూటలా రాయించుకున్న డెబ్బై ఏళ్ల మనిషి మగతగా పడి ఉంటే ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుని పరుగెడతారు.

గాబాపెంటిన్ మొదటి రోజు 300, రెండో రోజు 600, మూడో రోజు 900 మిల్లీగ్రాములు, అక్కడి నుంచి మెల్లగా పైకి. పరీక్షల్లో పనిచేసిన డోసు రోజుకు 1800 నుంచి 3600, మూడు భాగాలుగా. రాత్రికి 100 మిల్లీగ్రాములు ఒక నెల వేసుకుని ‘నాకు గాబాపెంటిన్ పనిచేయలేదు’ అంటే, మందును పరీక్షించినట్లే కాదు. గ్యాస్ట్రిక్ సిరప్‌లలోని అల్యూమినియం, మెగ్నీషియం దీన్ని ఒంటికి పట్టనివ్వవు, రెండింటికీ రెండు గంటల ఎడం ఉండాలి.

మన మందుల షాపుల్లో ఇంకో ప్రత్యేక సమస్య ఉంది: ప్రీగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్ (బీ12లో ఒక రూపం) కలిపిన మాత్రలు. వీటిని జనం ‘నరాల విటమిన్’ అనుకుంటారు. పక్కింటివారికి బాగుందని చీటీ లేకుండా కొనుక్కుంటారు, బీ12 తక్కువ లేకపోయినా వేసుకుంటారు, ఊరెళితే నాలుగు రోజులు మానేస్తారు. ప్రీగాబాలిన్ ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, చెమటలు, ఆందోళన, మంట రెట్టింపు కావడం వస్తాయి, ఫిట్స్ ఉన్నవారికి ఫిట్స్ తిరగబెట్టవచ్చు. పైగా కలిపిన మాత్రలో డోసును కొద్దికొద్దిగా పెంచే వీలుండదు. మందు పెంచాలంటే విటమిన్‌నూ పెంచాలి. మేం చెప్పేదేమిటంటే, బీ12 తక్కువుంటే దాన్ని విడిగా, సరిపడా తీసుకోండి, ప్రీగాబాలిన్‌ను విడి మాత్రగా రాయమని అడగండి. ధర కూడా పెద్దగా తేడా ఉండదు.

ఒక మందు పనిచేసిందో లేదో తేల్చడానికి ఒక నోటు పుస్తకం చాలు. రోజూ పడుకునేముందు ఆ రోజు సగటు నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె, పక్కన ఎన్ని గంటలు నిద్రపట్టింది, ఏ డోసు అన్నది రాయాలి. మందు మొదలుపెట్టడానికి ముందు వారం రోజుల అంకెలు లేకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఓర్చుకోగల పూర్తి డోసుకు చేరాక ప్రీగాబాలిన్‌కు రెండు నుంచి నాలుగు వారాలు, అమిట్రిప్టిలిన్‌కు పెంచే కాలంతో కలిపి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వాలి. అప్పటికీ 7 నుంచి 5 కైనా దిగకపోతే మార్చాలి. కొంత పనిచేసి ఆగిపోతే రెండో వర్గం మందు చేర్చాలి. బ్రిటన్‌లో 130 మంది షుగర్ రోగులతో చేసిన ఆప్షన్-డీఎం అనే అధ్యయనం 2022లో లాన్సెట్‌లో వచ్చింది. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబాలిన్‌లలో దేనితో మొదలుపెట్టి అవసరమైతే రెండోది చేర్చినా, సగటు నొప్పి 16 వారాలకు 6.6 నుంచి 3.3 కు వచ్చింది. అందువల్ల ఏది గొప్పదన్న చర్చ కంటే ఆ మనిషి కిడ్నీ, గుండె, లివర్, ప్రోస్టేట్, బరువు చూసి దేన్ని తట్టుకోగలడో తేల్చడమే ముఖ్యం. ట్రమడాల్, టాపెంటడాల్ వంటివి ఇవన్నీ చూశాకే. వాటికి అలవాటుపడే ప్రమాదముంది, ప్రీగాబాలిన్‌తోనో మద్యంతోనో కలిస్తే ఊపిరి మందగించవచ్చు.

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ మాత్రలు చాలా ఖరీదుకు అమ్ముతున్నారు. ఆరు నెలలు వాడినా లక్షణాల్లో డమ్మీ మాత్రకంటే చెప్పుకోదగ్గ తేడా లేదని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2024 సమీక్ష తేల్చింది. ఆ డబ్బు మంచి చెప్పులకు పెట్టడం మేలు.

పైపూతల్లో మిరప

మిరపకాయలోని క్యాప్సైసిన్ చర్మంలో వేడిని పసిగట్టే గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మొదట మండుతుంది, పదేపదే రాస్తే ఆ నరాల కొసలు అలిసి వెనక్కి తగ్గుతాయి. 0.075 శాతం క్రీమును బఠాణీ గింజంత, రోజుకు మూడు నాలుగు సార్లు రాయాలి. రోజుకొకసారి రాస్తే మంటే మిగులుతుంది, మేలు రాదు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రాశాక చేతులు సబ్బుతో కడగాలి, లేదంటే అదే చెయ్యి కంట్లో పడుతుంది. పగుళ్లు, పుండ్లు ఉన్న పాదాలకు వద్దు. వేడినీళ్ల స్నానం తర్వాత వెంటనే రాయకూడదు. ఇంట్లో కారం నూరి పట్టు వేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఎంత ఘాటు పడుతుందో లెక్క తెలియదు, మొద్దుబారిన చర్మం బొబ్బలెక్కినా తెలియదు.

సర్పి (హెర్పిస్ జోస్టర్) తగ్గాక మిగిలే నొప్పికి 5 శాతం లిడోకెయిన్ పట్టీ బాగా పనికొస్తుంది. 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేయాలి. అసలు సర్పి బొబ్బలు కనిపించిన 72 గంటల లోపే ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెట్టాలి. మంత్రం వేయించి, పసరు పూయించి వారం గడిపాక ఆసుపత్రికి వస్తే ఆ అవకాశం చేజారుతుంది. 50 ఏళ్లు దాటినవారికి సర్పి రాకుండా రెండు డోసుల టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ముఖంలో ఒకవైపు నమిలినా, గాలి తగిలినా సెకన్లపాటు కరెంటు కొట్టినట్లు వచ్చే నొప్పికి మొదటి మందు కార్బమాజెపిన్. దాన్ని పంటినొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకోవద్దు. ఆ మందు మొదలుపెట్టాక ఒంటిమీద దద్దురు, నోట్లో పుండ్లు వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రాత్రులు, పాదాలు

రాత్రి మంట పెరగడానికి కొంత కారణం పగటి పనులు, మాటలు, చప్పుళ్లు లేకపోవడం. మెదడుకు వేరే వ్యాపకం ఉండదు. కాళ్ల దగ్గర మంచానికి అడ్డంగా ఒక అట్టపెట్టె పెట్టి దుప్పటి దాని మీదుగా కప్పుకుంటే బట్ట పాదాలకు తగలదు. పడుకునేముందు కుళాయి నీళ్లలో పది పదిహేను నిమిషాలు పాదాలు ఉంచి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవచ్చు. ఐసు వద్దు, మొద్దుబారిన కాలికి ఐసు కూడా కాల్చినంత పని చేస్తుంది. గోరింటాకు పెట్టుకుంటే చల్లగా ఉంటుందనేవారు ఇంట్లో రుబ్బినదైతే పెట్టుకోవచ్చు. నల్లరంగు పొట్లాల్లో చర్మాన్ని కాల్చే రసాయనం ఉంటుంది. సాయంత్రం అరగంట నడక రాత్రి మంటను కొందరిలో తగ్గిస్తుంది, పుండు లేనంతవరకు నడవచ్చు.

మంట ఉన్న పాదంలోనే స్పర్శ లేకపోవడం రోగికి వింతగా తోస్తుంది. కాలు మండుతోంది కదా, అన్నీ తెలుస్తున్నాయిలే అనుకుంటారు. మంట పంపేవి సగం బతికున్న పోగులు, మేకు గుచ్చుకుందని చెప్పాల్సినవి ఎప్పుడో పోయాయి. మందుతో మంట తగ్గిన మనిషి పాదం ముందుకంటే భద్రంగా ఏమీ లేదు. ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటుంది, ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రిలో రూపొందించారు. రోగి కళ్లు మూసుకోవాలి. ఇంకొకరు చూపుడువేలి కొనతో, నొక్కకుండా, గుచ్చకుండా, ఒకటి రెండు సెకన్లు కాలివేళ్లను తాకాలి. వరస కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, ఆ తర్వాత కుడి మధ్యవేలు, ఎడమ మధ్యవేలు. తాకినప్పుడు రోగి కుడి, ఎడమ అని చెప్పాలి. ఆరింటిలో రెండు గానీ ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదాలు ప్రమాదంలో ఉన్నట్లే.

అలాంటి పాదాలకు మన ఇళ్లలో జరిగే అతి పెద్ద కీడు కాపడం. ఉప్పు మూట, ఇటుక, వేడినీళ్ల సంచి పెట్టి, మరునాడు అరికాలి నిండా బొబ్బలతో ఆసుపత్రికి వస్తారు. కాలేటప్పుడు వాళ్లకు హాయిగానే ఉంటుంది. స్నానం నీళ్ల వేడి పాదంతో కాదు, మోచేత్తో చూసుకోవాలి. ఎండాకాలం గుడి ప్రాంగణంలో రాళ్ల మీద ప్రదక్షిణలకు మేజోళ్లు వేసుకోవచ్చు, లేదా పొద్దెక్కకముందే వెళ్లవచ్చు. అయ్యప్ప దీక్షలో 41 రోజులు చెప్పుల్లేకుండా తిరగడం స్పర్శ పోయినవారికి పుండును పిలవడమే. గురుస్వామికి చెప్పి మెత్తటి గుడ్డ చెప్పులు వాడుకునేవారున్నారు, అది మాల వేసుకునేముందే మాట్లాడుకోవాలి.

చెప్పులు సాయంత్రం కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. వేళ్ల మధ్య బొత్తం ఉన్నవి వద్దు, మడమ వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు మంచివి. తొడిగే ప్రతిసారీ లోపల చేత్తో తడిమి చూడాలి. కొత్తవి మొదటి వారం గంటకు మించి తొడగవద్దు. రోజూ రాత్రి అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకోవాలి, చూపు ఆనకపోతే ఇంట్లో ఎవరైనా చూడాలి. మడమలకు కొబ్బరినూనె రాయండి, వేళ్ల సందుల్లో వద్దు, అక్కడ తడి నిలిస్తే పాచి పడుతుంది. ఆనెకాయల్ని బ్లేడుతో కోయవద్దు.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు నాలుగు. దెబ్బ తగలకపోయినా ఒక పాదం ఎర్రగా, వేడిగా వాచితే ఎముకలు కుంగిపోతుండవచ్చు, నడక ఆపేసి వెళ్లాలి. కాళ్లలో బలహీనత రోజుల్లోనే పైకి పాకితే అది షుగర్ వల్ల కాదు. కూర్చునే చోట మొద్దుబారి, మూత్రం, మలం పట్టు తప్పితే ఆ రోజే వెన్ను స్కాన్ కావాలి. పాదం మీద ఏ పుండైనా ఎంత చిన్నదైనా మర్నాటికి వాయిదా వేయకూడదు.

మందు ఎన్నాళ్లు అన్నది అందరూ అడిగే ప్రశ్న. నొప్పి అదుపులోకి వచ్చి ఆరు నెలలు నిలకడగా ఉంటే డాక్టరుతో మాట్లాడి తగ్గించి చూడవచ్చు. ప్రీగాబాలిన్ 150 మిల్లీగ్రాములు రెండు పూటలా వేసుకుంటుంటే వారానికి 75 చొప్పున తగ్గిస్తే నాలుగు వారాల్లో ఆగుతుంది. అమిట్రిప్టిలిన్ వారానికి 10 చొప్పున. రెండు మందులుంటే ఒకటి పూర్తిగా ఆగాకే రెండోది ముట్టుకోవాలి. ఆ వారాల్లోనూ నోటు పుస్తకంలో అంకెలు రాయాలి. రెండు మూడు రోజులు కాస్త పెరిగి మళ్లీ దిగితే కొనసాగించవచ్చు. వారమంతా 2, 3 పాయింట్లు పైనే ఉంటే, చివరిసారి బాగున్న డోసుకు తిరిగి వెళ్లి, కొన్ని నెలల తర్వాత మళ్లీ తగ్గించి చూడాలి.